నేల విడవని సాము

ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్ల కబుర్లు మోసుకొచ్చే జిల్లా పేజీల్లో తరచూ కనిపించే ఫొటో ఒకటి ఉంది. తెల్లని దుస్తుల్లో పదిహేను ఇరవై మంది పిల్లలు, మెడలో పతకాలు, మధ్యలో మాస్టారు, పక్కన శాలువా కప్పించుకున్న అతిథి. పైన ‘జాతీయ కరాటే పోటీల్లో సత్తా చాటిన విద్యార్థులు’ అని శీర్షిక. కింద ఎన్ని స్వర్ణాలు, ఎన్ని రజతాలు, ఎన్ని కాంస్యాలు అన్న లెక్క. చివర్లో ఒక వాక్యం మాత్రం ఎప్పుడూ తప్పదు. ఈ విద్య పిల్లలకు క్రమశిక్షణను, ఆత్మవిశ్వాసాన్ని, పెద్దల పట్ల గౌరవాన్ని నేర్పుతుందట. పై లెక్కకూ ఆ చివరి వాక్యానికీ సంబంధం ఏమిటో వార్త చెప్పదు. సాయంత్రం ఆరింటికి పిల్లవాణ్ని తరగతిలో దింపి వచ్చే తల్లిదండ్రులు నెలనెలా డబ్బు కట్టేది ఆ చివరి వాక్యం కోసం. సంబరపడేది పతకం చూసి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారి తిన్ననిది కాదు.

ముందు పతకాల లెక్క తేల్చుకోవాలి. కరాటే పోటీ అంటే ఒక్క పోటీ కాదు. వయసును బట్టి, బరువును బట్టి, బాలబాలికలను బట్టి, కొన్నిచోట్ల బెల్టు రంగును బట్టి కూడా విభాగాలు చీలుతాయి. వాటిలో మళ్లీ ఒంటరిగా చేసి చూపే కతా వేరు, ఎదుటివారితో తలపడే కుమితే వేరు. వ్యక్తిగతం వేరు, జట్టు వేరు. పైగా కుమితేలో విభాగానికి కాంస్యాలు రెండు. నలుగురే పిల్లలున్న విభాగంలో ఒక్క బౌటూ గెలవకపోయినా మెడలో ఏదో ఒకటి పడుతుంది. ముప్ఫై మంది ఉన్న విభాగంలో మూడు బౌట్లు గెలిచిన అమ్మాయి ఉత్త చేతులతో తిరిగి రావచ్చు. ఫొటోలో ఈ తేడా కనిపించదు, అన్ని పతకాలూ ఒకేలా మెరుస్తాయి. ‘జాతీయ’, ‘అంతర్జాతీయ’ అన్న మాటల విలువ కూడా అంతంత మాత్రమే. మన దేశంలో కరాటే సంఘాలు చాలా ఉన్నాయి, ఎవరి జాతీయ పోటీలు వారివే. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల మాదిరిగా జిల్లా గెలిచి, రాష్ట్రం గెలిచి, ఆ తర్వాతే జాతీయానికి వెళ్లే మెట్లు ఉన్న పోటీ ఒక రకం. రుసుము కట్టి నేరుగా బరిలో దిగే పోటీ ఇంకో రకం. రెండోది మోసమని కాదు, చిన్నపిల్లలకు బరి భయం పోగొట్టడానికి అదీ పనికొస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి లెక్కపెట్టడమే పొరపాటు.

ఈ విషయంలో బరువులెత్తేవారి పని తేలిక. బరంపురం నుంచి వచ్చిన కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. బరంపురంలో ఎత్తినా ఢిల్లీలో ఎత్తినా ఇనుము బరువు మారదు, ఎవరినీ చూసి మొహమాటపడదు. తలపడే విద్యల్లో అలాంటి కొలబద్ద లేదు. ఎదుట నిలిచినవాడి స్థాయే కొలత.

లెక్క ఇంకా ముందుకు సాగితే అసలు విషయం బయటపడుతుంది. ఓడినవాళ్లు నిష్క్రమించే పద్ధతిలో 32 మంది దిగితే 16 మంది మొదటి బౌట్‌తోనే ఓడిపోతారు. రైలెక్కి, రాత్రంతా నిద్ర మానుకుని, పొద్దున్నే బరువు తూయించుకుని, మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చుని, రెండు నిమిషాల్లో ఓడిపోయేవాళ్లు ప్రతి పోటీలోనూ సగం మంది. చివరికి ఓటమి ఎరగనివాడు ఒక్కడే మిగులుతాడు. కాబట్టి ఈ విద్య పిల్లలకు ఎక్కువగా ఇచ్చే అనుభవం గెలుపు కాదు, ఓటమి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న సామెత పుస్తకంలో చదవడం ఒకటి, పదకొండేళ్ల వయసులో చాప మీద నిలబడి తెలుసుకోవడం మరొకటి. విలువల గురించి మాట్లాడదలచుకుంటే ఈ సగం మంది దగ్గర మొదలుపెట్టాలి.

ఓడినవారికి దారి చూపే ఏర్పాటు ఒకటి పోటీ నియమాల్లోనే ఉంది. దాని పేరు రెపిచేజ్. ఫైనల్‌కు చేరినవారి చేతిలో ఓడినవాళ్లకు కాంస్యం కోసం మళ్లీ తలపడే అవకాశం దక్కుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో సాక్షి మలిక్ కుస్తీ కాంస్యం గెలిచింది ఈ దారిలోనే. క్వార్టర్ ఫైనల్లో ఆమెను ఓడించిన రష్యా క్రీడాకారిణి ఫైనల్‌కు చేరడంతో ఆ తలుపు తెరుచుకుంది. కుమితేలోనూ ఇదే పద్ధతి వాడుకలో ఉంది. దీనివల్ల ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. ఓడిన పిల్లవాడు బరి అంచున కూర్చుని, తనను ఓడించినవాడే పై బౌట్లన్నీ గెలవాలని కోరుకోవాలి. గంట క్రితం ఎవరి మీద పళ్లు నూరాడో వాడికే చప్పట్లు కొట్టాలి. ఇందులో కొంత స్వార్థం ఉంది, నిజమే. కానీ ఎదుటివాడి బాగులో తన బాగు ఉందని ఇంత సూటిగా చెప్పే పాఠం బడి పుస్తకాల్లో దొరకడం కష్టం. జూడో స్థాపకుడు జిగోరో కానో తన విద్యకు పునాదిగా చెప్పిన రెండు సూత్రాల్లో పరస్పర శ్రేయస్సు ఒకటి. 1882లో జూడోను మొదలుపెట్టిన కానో వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు.

నియమాలకూ విలువలకూ ఉన్న ముడి మరింత గట్టిగా కనిపించిన సందర్భం టోక్యో ఒలింపిక్స్. 2021 ఆగస్టు 7న పురుషుల 75 కిలోల పై విభాగంలో కుమితే ఫైనల్ జరిగింది. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేది 4–1 ఆధిక్యంలో ఉన్నాడు. అప్పుడు అతని కాలు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే తలకు బలంగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద బయటికి మోసుకెళ్లారు. న్యాయనిర్ణేతలు చర్చించుకుని హమేదిని అనర్హుడిగా ప్రకటించారు. స్వర్ణం పడిపోయినవాడికి, రజతం పడగొట్టినవాడికి దక్కాయి.

టీవీలో చూసినవాళ్లలో చాలామంది ఇదేం న్యాయమని ముక్కున వేలేసుకున్నారు. కరాటే తరగతిలో నాలుగేళ్లు గడిపిన పిల్లవాడికి మాత్రం అది వింతగా తోచదు. తలకు తన్ను సరిగా పడితే మూడు పాయింట్లు, నడుము పైభాగానికి తన్నుకు రెండు, గుద్దుకు ఒకటి. కానీ ఆ పాయింటు దెబ్బ బరువుకు కాదు, అదుపుకు. వేగం, రూపం, దూరం అన్నీ కుదరాలి, చివరి క్షణంలో దెబ్బ ఆగాలి. చిన్న వయసు విభాగాల్లో ముఖానికి చేయి ఎంత తేలికగా తగిలినా తప్పే. అదే నియమావళిలో ఇంకో షరతు ఉంది. లేని గాయాన్ని నటించినా, చిన్నదాన్ని పెద్దది చేసినా శిక్ష పడుతుంది. కొట్టేవాడు చేతిని అదుపు చేసుకోవాలి, తిన్నవాడు మూలుగును అదుపు చేసుకోవాలి. ఫుట్‌బాల్ మైదానంలో ఇదే నియమం గట్టిగా అమలు చేస్తే ఆట చివరికి ఎంతమంది మిగులుతారో చెప్పలేం.

దెబ్బను ఆపడం దెబ్బ కొట్టడం కన్నా కష్టం. చేతిని ముందుకు నెట్టే కండరాలు ఒకటైతే, దానికి పగ్గం వేసేవి ఇంకొకటి. రెండూ సమయానికి పనిచేయాలంటే కళ్లు దూరాన్ని సరిగా అంచనా వేయాలి, పాదాలు నేలను గట్టిగా పట్టుకోవాలి. అందుకే కొత్తవాళ్లతో నెలల తరబడి నిలబడటం, మోకాలు వంచడం, అడుగు వేయడం చేయిస్తారు. ‘మా వాడికి ఇంకా ఫైటింగ్ నేర్పలేదేం?’ అని అడిగే తండ్రి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆయన తప్పేం లేదు, నేల విడిచి సాము చేయడం అన్న మాట నుడికారంగా మిగిలిందే కానీ దాని వెనుక ఉన్న కసరత్తు మనకు గుర్తు లేదు. అదుపు అనేది మాస్టారు చివరి అయిదు నిమిషాల్లో చెప్పే నీతి కాదు. వెయ్యి సార్లు చేయి చాపి వెయ్యి సార్లు ఆపితే ఒంట్లో దిగే పని అది. జూడోలో దీనికి సాటి వచ్చేది పడటం నేర్చుకోవడం. ఎవరినీ ఎత్తి పడేయక ముందే, తల నేలకు తగలకుండా చేత్తో చాపను చరుస్తూ పడటం నేర్పుతారు.

అలాగని పోటీ నియమాలన్నీ శిక్షణ విలువలతో పొసగుతాయని అనుకోవడానికి వీల్లేదు. ఆధునిక కరాటేకు రూపమిచ్చిన గిచిన్ ఫునకోషి బోధనల్లో అందరికీ తెలిసినది, కరాటేలో ముందుగా చేయి ఎత్తడమన్నది లేదని. ఆయన కూడా బడిపంతులే. నేటి పోటీలో మాత్రం తొలి పాయింటు సాధించినవారికి ‘సెన్‌షు’ అనే మొగ్గు ఉంటుంది. స్కోరు సమమైతే గెలుపు వారిదే. వెనక్కి తగ్గుతూ ఎదురుచూసేవారికి హెచ్చరికలు కూడా పడతాయి. ముందు నువ్వు కొట్టకు అని గోడ మీద రాసి ఉంటుంది, ముందు కొట్టినవాడిదే మొగ్గు అని బరి చెబుతుంది. ఈ వైరుధ్యాన్ని పిల్లలకు విప్పి చెప్పే మాస్టారు మంచి మాస్టారు. బరిలో ఎదుటివాడు ఒప్పుకునే నిలబడ్డాడు, వీధిలో అలా కాదు అన్న ఒక్క తేడా పన్నెండేళ్ల బుర్రకు అందితే చాలు.

పరిశోధనలు ఏం తేల్చాయన్న ప్రశ్నకు జవాబు గజిబిజిగానే ఉంది. 1986లో మైకేల్ ట్రల్సన్ అమెరికాలో నేరాల బాట పట్టే అవకాశమున్న 34 మంది టీనేజి అబ్బాయిలను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపుకు నమస్కారం, ధ్యానం, నీతిబోధ కలిసిన సంప్రదాయ తైక్వాండో (కొరియా యుద్ధవిద్య) నేర్పారు. రెండో గుంపుకు అవేవీ లేకుండా తన్నులు, గుద్దులు, తలపడటం నేర్పారు. మూడో గుంపు పరుగులు, బాస్కెట్‌బాల్ ఆడింది. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో దూకుడు తగ్గింది, రెండో గుంపులో పెరిగింది. 2004లో లేక్స్, హోయ్ట్ అనే పరిశోధకులు రెండు వందలకు పైగా బడిపిల్లలకు మూడు నెలలు తైక్వాండో నేర్పించి చూస్తే, తమను తాము అదుపు చేసుకునే శక్తి పెరిగినట్లు తేలింది. మరుసటి ఏడాది నార్వే నుంచి వచ్చిన అధ్యయనం మాత్రం ఎదురుతిరిగింది. బాక్సింగ్, కుస్తీ, బరువులెత్తడం, తూర్పు దేశాల యుద్ధవిద్యలు అభ్యసించిన బాలురలో బడి బయట దుడుకు ప్రవర్తన పెరిగిందని ఎండ్రెసన్, ఓల్వేయస్ గుర్తించారు. 34 మంది అంటే చాలా చిన్న సంఖ్య. నార్వే వాళ్లు నాలుగు రకాల విద్యలను ఒకే మూట కట్టారు. అయినా మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక్కటి తోస్తుంది. తన్నులో విలువ లేదు, దాన్ని నేర్పే తీరులో ఉంది. ‘కరాటే క్రమశిక్షణ నేర్పుతుంది’ అన్న వార్తావాక్యానికి కర్త కరాటే కాదు.

ఈ సరిహద్దు నేలకు ఇదంతా కొత్త కాదు. కర్రసాము, కత్తిసాము, గరిడీ (సాము నేర్పే చోటు) అన్న మాటలు వాడుకలోంచి ఇంకా పూర్తిగా జారిపోలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గుండెల మీద ఏనుగును నిలుపుకున్న కథలు విననివారు ఉత్తరాంధ్రలో అరుదు. ఆయన 1942లో కన్నుమూసింది ఒడిశాలోని బలంగీర్‌లో. బలానికి అప్పట్లో రాష్ట్రం లేదు, ఆదరించిన సంస్థానమే చిరునామా. ఒడిశా వైపు పైకా అఖాడాలు, అంటే పైకులనే పాతకాలపు సైనికుల సాము శాలలు, ఉన్నాయి. 1817లో బక్షి జగబంధు నాయకత్వంలో ఈస్టిండియా కంపెనీపై తిరగబడిన పైకుల వారసత్వం పండుగ రోజుల కర్రసాము ప్రదర్శనలుగా నిలిచింది. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రను నడిపించేది తెలుగు నేత కుటుంబాలు. ఆ యాత్రలో ఒంటికి రంగు పూసుకుని ఎండలో పులివేషం ఆడటానికి కావాల్సిన ఊపిరి పోటీ క్రీడాకారుడి ఊపిరికి తీసిపోదు. ఈ పాత విద్యల్లో పాయింట్లు లేవు, పతకాలు లేవు. చూడటానికి ఊరు ఉండేది, తప్పు చేస్తే అదే ఊరు తలెత్తుకోనిచ్చేది కాదు. ఆ పాత లోకం బంగారమేమీ కాదు. ఆడపిల్లలకు గరిడీలో చోటు లేదు, కులాల గోడలు ఉండేవి. నేటి హాలులో బాలబాలికలు ఒకే వరుసలో నిలబడి మాస్టారికి వంగి నమస్కరిస్తారు. ఆ ఒక్క విషయంలో జపాను దిగుమతి సరుకు మన పాత సరుకు కన్నా మెరుగు.

దిగుమతి అన్నాం కానీ, కరాటే కూడా సరిహద్దు బిడ్డే. అది పుట్టిన ఒకినావా దీవులు చైనాకూ జపానుకూ నడుమ సొంత రాజ్యంగా బతికి, 1879లో జపానులో కలిసిపోయాయి. మొదట్లో ఆ విద్య పేరుకు అర్థం ‘చైనా చేయి’. అదే ఉచ్చారణతో ‘వట్టి చేయి’ అనే అర్థం వచ్చేలా రాతను మార్చుకున్నారు. 1936 అక్టోబరులో ఒకినావా గురువులు నహా పట్టణంలో సమావేశమై ఆ మార్పును ఖాయం చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులో చేరింది. అక్కడే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, పిల్లలకు వాళ్లు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి ఆ చేరిక నచ్చక రాజమండ్రికి తరలిపోయారు. రెండింటికీ సంబంధం లేదు, కాకతాళీయం. కానీ ఎవరి పేరు ఎవరు మారుస్తారు, ఎవరు ఎటు చేరతారు అన్న పేచీ ఈ విద్యకూ ఈ నేలకూ ఒకే ఏడాది తగిలిందన్నది మరచిపోలేని ముచ్చట.

గిడుగు వారి పాఠం శిక్షణ హాలులో ఇప్పటికీ పనికొస్తుంది. ఈ జిల్లాల్లో ఒకే వరుసలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు ఉంటారు. అంకెలు జపనీసులో, ‘ఇచి, ని, సన్, షి’ అని. ఆపమనడానికి ‘యామే’, నమస్కారానికి ‘రేయ్’. ఈ పరాయి మాటల్లో ఒక సౌలభ్యం ఉంది. అవి ఎవరి ఇంటి భాషా కావు కాబట్టి ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు. కానీ మోకాలు ఎందుకు వంచాలో, చేయి ఎందుకు ఆపాలో చెప్పేటప్పుడు పిల్లవాడి సొంత భాషే కావాలి. ఆ వివరణ దొరకని పిల్లవాడు కదలికను అనుకరిస్తాడు, అదుపును పట్టుకోలేడు.

సరిహద్దు తెచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరుతుంది. రైలుకు అడ్డులేని గీత పోటీ కాగితాల్లో గట్టిది. బడి ఏ రాష్ట్రంలో ఉంటే పిల్లలు ఆ రాష్ట్రం తరఫునే ఆడాలి. పాతపట్నం పిల్లవాడు శ్రీకాకుళం, విశాఖ వైపు చూస్తాడు. నాలుగు అడుగుల దూరంలోని పర్లాకిమిడి పిల్లవాడు భువనేశ్వర్ వైపు చూస్తాడు. పక్క ఊరి స్నేహితుడితో సాధన చేయవచ్చు కానీ అతనితో తలపడాలంటే ఇద్దరూ తమ తమ రాష్ట్రాలు గెలిచి రావాలి. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగేకొద్దీ పతకం తేవాలన్న ఒత్తిడి పెరుగుతుంది. వయసు ధ్రువపత్రాలు దిద్దే బుద్ధి, తక్కువ బరువు విభాగంలో దూరడానికి ఎదిగే పిల్లలను పస్తులుంచే బుద్ధి అక్కడే పుడతాయి. నిజాయితీ గురించి గోడ మీద పటం కట్టి, పద్నాలుగేళ్ల లోపు విభాగంలో పదిహేనేళ్లవాణ్ని దించితే, ఆ పిల్లవాడు రెండు పాఠాల్లో ఏది గుర్తుపెట్టుకుంటాడో వేరే చెప్పాలా?

బెల్టుల వ్యవహారం కూడా ఇలాంటిదే, కాస్త తక్కువ హానికరం. డాన్ హోదాలను, అంటే నల్ల బెల్టులోని మెట్లను, మొదలుపెట్టింది జూడో స్థాపకుడు కానోయే. రంగురంగుల బెల్టులు 1930లలో యూరప్‌లో వ్యాపించాయి, త్వరగా ఫలితం చూడకపోతే విద్యార్థులు నిలవరని అక్కడి గురువులకు తెలిసింది. నల్ల బెల్టుకు తొలి హోదా పేరు షోదాన్, అంటే ఆరంభపు మెట్టు. మన ఊళ్లలో అది ఊరేగింపుతో ముగిసే చివరి మెట్టు.

బాలికలకు సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడుల్లో రాణి లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. దాని గడువు మూడు నెలలు. ఇందులో పతకాలు లేవు, ఫొటోలు తక్కువ. గట్టిగా అరవడం, చేయి విడిపించుకోవడం, భయం వేసినప్పుడు కాళ్లు కదపడం మూడు నెలల్లో అలవడతాయి. దూరం అంచనా, అదుపు అలవడవు. మూడు నెలలు తక్కువని ఆ పథకాన్ని తీసిపారేయనక్కర్లేదు. ముగిశాక ఆ అమ్మాయి సాయంత్రం తరగతికి రావడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నదే అసలు అడ్డంకి. పతకం తెచ్చిన అమ్మాయి ఫొటో పేపర్లో పడటం ఇక్కడ నిజంగా పనిచేస్తుంది. పక్కింటి తండ్రి మెత్తబడతాడు.

శిక్షణ ఎలాంటిదో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రులకు పతకాల అల్మరా కన్నా హాజరు పుస్తకం ఎక్కువ చెబుతుంది. ముఖ్యంగా పోటీ జరిగిన ఆదివారం తర్వాతి సోమవారం పేజీ. స్వర్ణం గెలిచినవాడు వచ్చాడా? మొదటి బౌట్‌లో ఓడినవాడు వచ్చాడా? వస్తే మాస్టారు ముందు ఎవరితో మాట్లాడారు? చాలా ఊళ్లలో ఈ తరగతులు అద్దె కల్యాణ మండపాల్లో నడుస్తాయి. పెళ్లిళ్ల కాలంలో మండపం దొరకదు, తరగతి డాబా మీదికో బడి మైదానంలోకో మారుతుంది. ఇసుక, రాళ్లు, దోమలు. ఆ వారాల్లో వచ్చేవాళ్లలో పతకం ఉన్నవాళ్లు ఎందరో, లేనివాళ్లు ఎందరో ఆ పుస్తకంలోనే ఉంటుంది.